పదిహేడు కిలోల షికారు

పెళ్లికెళ్తే పెట్టె సర్దుకోవడం మనకు తెలుసు. తీర్థయాత్రకెళ్తే మూట కట్టుకోవడమూ తెలుసు. మరి టూత్‌బ్రష్‌ని సగానికి విరిచి, చొక్కాలకుండే కంపెనీ చీటీలు కత్తిరించి, గ్రాముల లెక్కన సామాను తగ్గించుకుని అడవిబాట పట్టేవాళ్ల సంగతి తెలుసా? అలా నడిచిన ఓ తెలుగు ఇంజినీరు ఇప్పుడు మళ్లీ పెద్ద సంచి భుజానికెత్తుకున్నాడు. ఎందుకో తెలుసుకోవాలంటే అమెరికాలోని జార్జియా కొండల్లోకి వెళ్లాలి.

అట్లాంటా నగరం నుంచి ఉత్తరంగా దాదాపు రెండు గంటలు ప్రయాణిస్తే అమికలోలా జలపాతం వస్తుంది. చెరకీ తెగవారి భాషలో ఆ మాటకి ‘దొర్లిపడే నీళ్లు’ అని అర్థం. పేరుకి తగ్గట్టే 729 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు బండమీంచి బండమీదికి దొర్లుతూ కిందికొస్తాయి. పక్కనే ఆరొందలకు పైగా మెట్లున్నాయి. అలిపిరి నుంచి తిరుమల కొండెక్కిన కాళ్లకి అవో లెక్క కాదు. అక్టోబరు చివరివారం కావడంతో కొండలన్నీ ఎరుపూ పసుపూ కలిపి చల్లినట్టున్నాయి. వచ్చినవాళ్లంతా ఫొటోలు తీసుకుంటుంటే కొందరు మాత్రం సందర్శకుల కేంద్రం దగ్గర వేలాడే కాటాకి తమ సంచులు తగిలించి ముల్లు వంక చూస్తున్నారు. అపలాచియన్ ట్రెయిల్ మీద నడవబోయేవాళ్లు వాళ్లు.

జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, పద్నాలుగు రాష్ట్రాల మీదుగా, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ పర్వతం దాకా సాగే కాలిబాట ఇది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కన్నా కాస్తే తక్కువ! 1921లో బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు ఈ బాట గురించి ప్రతిపాదించాడు. 1937 నాటికి పూర్తయింది. చెట్లమీద తెల్లరంగు పట్టీలు వేయడం, దారికడ్డంగా పడిన మానుల్ని తొలగించడం లాంటి పనులు ఇప్పటికీ ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తలే చూసుకుంటారు. ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలంటే అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది.

మా ముందున్న కుర్రాడి సంచి తిండీ నీళ్లతో కలిపి ఎనిమిది కిలోలు తూగింది. తర్వాత మావాళ్ల సంచి తగిలించారు. పదిహేడు కిలోలు!

మావాళ్లంటే ఓ చిన్న కుటుంబం. తెనాలి పక్క పల్లెలో పుట్టి, పదిహేనేళ్లుగా అట్లాంటా శివారులో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయన తొమ్మిదేళ్ల కూతురు. కొడుకు దగ్గర ఆర్నెల్లుందామని వచ్చిన 68 ఏళ్ల తండ్రి. ఇంజినీరుగారి భార్య ఏడాదిన్నర పిల్లాణ్ని వెనకసీట్లో కూర్చోబెట్టుకుని మమ్మల్ని కారులో దింపడానికొచ్చింది.

కాటా ముల్లు చూసి పెద్దాయన నోరు తెరిచారు. ‘‘ఏవిట్రా ఇది, ఆ అబ్బాయిది ఎనిమిదీ నీది పదిహేడూనా?’’

‘‘అతనొక్కడే నాన్నా. మనం ముగ్గురం’’ అన్నాడు కొడుకు.

గ్రాముల లెక్క

అడవిలో బరువు తగ్గించుకోవడం ఓ ఉద్యమం. దానిపేరు అల్ట్రాలైట్. తిండి, నీళ్లు, పొయ్యికి వాడే ఇంధనం... ఇవి రోజురోజుకీ తరిగిపోతాయి కాబట్టి లెక్కలోకి రావు. అవి పోగా సంచిలో మిగిలే సామాను బరువుని బేస్ వెయిట్ అంటారు. అది పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటకపోతే అల్ట్రాలైట్ కింద లెక్క. గుడారం బదులు పావుకిలో బరువుండే పల్చటి టార్పాలిన్. స్లీపింగ్ బ్యాగు బదులు అడుగుభాగం లేని బొంత. లోపల చట్రం లేని గుడ్డసంచి. కొందరు పొయ్యి కూడా మోయరు. ఓ డబ్బాలో అటుకుల్లాంటి ఓట్స్ నానేసుకుని చల్లగానే తినేస్తారు.

వినడానికి పిచ్చిలా ఉన్నా దాని వెనక గట్టి కారణమే ఉంది. స్ప్రింగర్ నుంచి యాభై కిలోమీటర్లు నడిస్తే నీల్ గ్యాప్ అనే కనుమ వస్తుంది. అక్కడ 1930ల్లో రాళ్లతో కట్టిన ఓ భవనముంది. అపలాచియన్ బాట ఆ కట్టడం మధ్యలోంచే వెళ్తుంది. ఎంతో ఉత్సాహంగా ఇల్లంతా సంచిలో పెట్టుకుని బయల్దేరినవాళ్లు మూడునాలుగు రోజులకి అక్కడ చతికిలపడటం దశాబ్దాలుగా జరుగుతున్నదే. సంచులు విప్పించి, పనికొచ్చేదేదో పనికిరానిదేదో చెప్పి, మిగతాది ఇంటికి పార్సిల్ చేయించడానికి ఆ చోటు పెట్టింది పేరు. అక్కడి చెట్టుకి బూట్ల జతలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుండేవి. 

ఈ ధోరణికి ఊపునిచ్చినవాడు రే జార్డిన్. ఏరోస్పేస్ ఇంజినీరు, పేరున్న పర్వతారోహకుడు. భార్య జెన్నీతో కలిసి అమెరికా పడమటి కొండల్లోని పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌ని నడిచి, 1992లో ఆ అనుభవాలతో పుస్తకం రాశాడు. సామాను సొంతంగా కుట్టుకోండి, బరువు సగానికి తగ్గించండి అన్నది ఆయన మాట. అప్పట్లో విడ్డూరంగా అనిపించిన చాలా సంగతుల్ని తర్వాత సామాన్లు తయారుచేసే కంపెనీలే అందిపుచ్చుకున్నాయి.

మన ఇంజినీరుగారికీ అదే పట్టుకుంది. వంటింటి కాటా మీద సాక్సులు తూచేవాడట. తూచిన ప్రతి వస్తువునీ కంప్యూటర్లో పట్టికగా రాసుకునేవాడు. అలా తగ్గించి తగ్గించి బేస్ వెయిట్ నాలుగు కిలోలకు తెచ్చాడు. ఆ సంచితో జార్జియాలో ఉన్న 126 కిలోమీటర్ల బాటనీ నాలుగు రోజుల్లో నడిచేశాడు.

ఎత్తే విధం తెలియాలి

అమికలోలా నుంచి స్ప్రింగర్ శిఖరానికి అడవిలోంచి పద్నాలుగు కిలోమీటర్ల దారి ఉంది. పాపతో, పెద్దాయనతో అది కష్టం. అందుకే కంకరరోడ్డు మీద కారులో కొండవెనక్కి వెళ్లాం. అక్కడ దిగితే శిఖరం కిలోమీటరున్నర దూరమే.

సంచి ఎత్తుకునేముందు ఇంజినీరుగారు చిన్నపాటి పాఠమే చెప్పాడు. పాతకాలపు సంచుల బరువంతా భుజాలమీదే పడేది. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం చట్రానికి సంచి బిగించి, నడుముకి పట్టీ పెట్టి అమ్మడం మొదలెట్టాడు. సంచులు కుట్టింది ఆయన భార్య నీనా. ఆ పట్టీతో బరువు భుజాల నుంచి తుంటి ఎముకలమీదికి దిగింది. చంకనెత్తుకున్న పిల్లాణ్ని మన ఆడవాళ్లు నడుం మీదికి జార్చుకుంటారు చూడండి, అదే కిటుకు! 

అందుకే అల్ట్రాలైట్ నుంచి పాతపద్ధతికి మారేవాళ్లు మొట్టమొదట మార్చాల్సింది సంచినే. చట్రంలేని గుడ్డసంచిలో పది కిలోలు దాటితే భుజాలు కోసుకుపోతాయి. చట్రమున్న సంచి రెండు కిలోల బరువున్నా, పదిహేడు కిలోల్ని మోయగలిగేలా చేసేది అదే. సంచి కొనేటప్పుడు మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు చూడాలి. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా కొలవాలి. 

సర్దడానికీ పద్ధతుంది. తేలికైన స్లీపింగ్ బ్యాగులు అట్టడుగున. బియ్యం, పప్పు, గిన్నెల్లాంటి బరువులు వీపుకి ఆనుకునేలా నడిమధ్యన. వానకోట్లు అన్నిటికన్నా పైన. బరువులు వీపుకి దూరంగా పెడితే సంచి వెనక్కి లాగుతుంది. తగిలించుకున్నాక ముందు నడుంపట్టీ బిగించి, ఆ తర్వాతే భుజాల పట్టీలు సర్దుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు తమ బరువులో అయిదోవంతు దాకా మోయొచ్చని ఓ అంచనా. పిల్లలకైతే పదోవంతు చాలు. పాప సంచి రెండు కిలోలే. అందులో తన స్వెటరు, నీళ్లసీసా, ఓ బొమ్మ కుందేలు. 

పెద్దాయన చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. ‘‘కొబ్బరికాయైనా ఇవ్వరా, ఇరుముడి అనుకుని మోస్తాను’’ అని నవ్వించారు.

అరవై ఏడేళ్ల బామ్మ

దారిపొడవునా ఓక్, హికరీ చెట్ల ఆకులు చీలమండల లోతున పరుచుకుని ఉన్నాయి. ఆకుల కింద రాళ్లు కనిపించవు. పాప ముందు, పెద్దాయన మధ్యలో, వెనక కొడుకు. తెల్లపట్టీ ఉన్న చెట్టు కనబడగానే పాప లెక్కపెడుతోంది. ఇరవై ఆరో పట్టీ దగ్గర చెట్లు పల్చబడి శిఖరం వచ్చేసింది. ఎత్తు 3,782 అడుగులు. బండరాతికి బిగించిన కంచుఫలకం మీద ఓ బాటసారి బొమ్మ ఉంది. వచ్చినవాళ్లు పేరు రాసుకోవడానికి ఓ పుస్తకం కూడా ఉంటుంది. పెద్దాయన తెలుగులో సంతకం పెట్టారు.

పులిహోర పొట్లాలు విప్పుకుంటూ ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పుకున్నాం. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆమె పదకొండుమంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, ఈ బాట మొత్తం ఒంటరిగా నడిచేసింది. అలా నడిచిన మొదటి మహిళ ఆమే. అప్పట్లో బాట స్ప్రింగర్ దగ్గర కాక ఇంకా దక్షిణాన ఉన్న ఓగ్లెథార్ప్ కొండ దగ్గర మొదలయ్యేది. ఆమెకి గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. కాళ్లకి కేన్వాస్ బూట్లు. భుజాన తనే కుట్టుకున్న జీన్స్ గుడ్డసంచి. వానొస్తే కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ తెర. అల్ట్రాలైట్ అనే మాట పుట్టకముందే ఆమె అలా నడిచింది. ఆ తర్వాత మరో రెండుసార్లు ఈ బాటను పూర్తిచేసింది.

‘‘నాకన్నా ఏడాది చిన్నదన్నమాట’’ అన్నారు పెద్దాయన. కాసేపాగి, ‘‘రాత్రిళ్లు ఎక్కడ పడుకునేదో పాపం’’ అన్నారు.

బాట పక్క చూరుకప్పుల కింద, లేదంటే ఆకులమీద, దారిలో ఎవరైనా పిలిస్తే వాళ్లింట్లో... అదే ఆమె పద్ధతి. ఒకరికే అయితే అన్నీ సర్దుకోవచ్చు.

ఆ రాత్రి తర్వాత...

శిఖరం నుంచి వెనక్కి తిరిగి నాలుగున్నర కిలోమీటర్లు దిగితే స్టోవర్ క్రీక్ వస్తుంది. పేరుకి తగ్గట్టు పక్కనే సెలయేరు. ఒడ్డున బాగా ఎత్తుగా పెరిగిన హెమ్‌లాక్ చెట్లు. చూడటానికి పెద్ద సరుగుడు చెట్లలా కనిపిస్తాయి. ఆసియా నుంచి వచ్చిన ఓ చిన్న పురుగు ఈ జాతి చెట్లను తూర్పు అమెరికా అంతటా చంపేస్తోంది. ఇక్కడా కొన్ని నిలువునా ఎండిపోయి ఉన్నాయి.

సాయంత్రం అయిదు గంటలకే చలి మొదలైంది. పదిహేడు కిలోల సంచిలోంచి ఒక్కో వస్తువూ బయటికొచ్చింది. ముగ్గురు పట్టే గుడారం రెండుంబావు కిలోలు. మూడు స్లీపింగ్ బ్యాగులు, మూడు పరుపులు కలిపి అయిదు కిలోలకు దగ్గర. వెచ్చటి బట్టలు, వానకోట్లు కిలోన్నర. గ్యాసు పొయ్యి, గిన్నెలు కిలో. ఎలుగుబంట్లు తెరవలేని తిండిడబ్బా కిలోకి పైనే. ఈ కొండల్లో నల్ల ఎలుగుబంట్లున్నాయి. నీల్ గ్యాప్‌కి ముందున్న కొంతదూరంలో వసంతకాలంలో రాత్రి బస చేయాలంటే ఆ డబ్బా ఉండి తీరాలన్న నిబంధన ఉంది. ఇక్కడ ఆ నిబంధన లేకపోయినా ఇంజినీరుగారు వదల్లేదు. అన్నిటికన్నా చివర అరకిలో మడత కుర్చీ వచ్చింది. మోకాళ్ల నొప్పితో తండ్రి నేలమీద కూర్చోలేరని!

బియ్యం, పెసరపప్పు కలిపి పులగం వండాడు. చిన్న స్టీలు డబ్బాలో నెయ్యి, మరో డబ్బాలో ఆవకాయ. కుర్చీలో కూర్చుని వేడివేడిగా తింటూ ‘‘మీ అమ్మ ఉంటే మెచ్చుకునేదిరా’’ అన్నారు పెద్దాయన. ఆమె పోయి రెండేళ్లయిందట. ఆర్నెల్లుగా ఇంట్లో టీవీ ముందే కూర్చుంటున్న మనిషి ఆ రాత్రి మూడుగంటలపాటు మాట్లాడుతూనే ఉన్నారు. చిన్నప్పుడు కృష్ణ కాలవలో ఈత, ధాన్యం బస్తాలెత్తిన రోజులు, తొలిసారి రైలెక్కి మద్రాసు వెళ్లడం... పాప ‘‘తర్వాత? తర్వాత?’’ అంటూ ఆయన ఒళ్లో తలపెట్టుకుంది.

వాళ్లిద్దరూ గుడారంలోకి వెళ్లాక ఇంజినీరుగారు అసలు సంగతి చెప్పాడు. మూడేళ్ల కిందట మార్చిలో ఒంటరిగా వచ్చినప్పుడు సాయంత్రం మొదలైన వాన రాత్రికి మంచుజల్లుగా మారింది. గాలికి టార్పాలిన్ అంచులెగిరిపోయాయి. బొంత తడిసిపోయింది. బాతుఈకలు నింపిన బొంత తడిస్తే ఉండకట్టుకుపోయి వెచ్చదనాన్నివ్వదు. మార్చుకోవడానికి రెండో జత లేదు. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవడాన్ని హైపోథెర్మియా అంటారు. నీళ్లు గడ్డకట్టే చలే అక్కర్లేదు, తడీ గాలీ కలిస్తే అయిదారు డిగ్రీల దగ్గరైనా అది రావచ్చు. ఆయన అర్ధరాత్రి లేచి, టార్చి వెలుగులో తెల్లారేదాకా నడుస్తూనే ఉన్నాడు, ఒళ్లు చల్లబడకుండా.

‘‘నేను నడవగలను కాబట్టి బతికిపోయాను. పక్కన పాప ఉండుంటే? నాన్న ఉండుంటే? తేలికసంచిలో ఉన్నదంతా బతకడానికి సరిగ్గా సరిపోయేంతే ఉంటుంది. అనుకున్నట్టు జరిగితే చాలా హాయి. ఏ ఒక్కటి తేడా వచ్చినా చేతిలో ఇంకేమీ ఉండదు. ఒంటరిగా నడిచేవాడు తన నేర్పునే నమ్ముకుని వెళ్లొచ్చు. పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకెళ్లేవాడు మాత్రం వాళ్లకి కావాల్సింది మోసుకెళ్లాలి’’ అన్నాడు.

అలాగని పాత అలవాట్లన్నీ వదిలేయలేదు. ఇప్పటికీ ప్రతి వస్తువునీ తూస్తాడు. ఒకే పనికి రెండు వస్తువులుంటే ఒకటి ఇంట్లోనే. మనిషికి ఒంటిమీద ఒక జత, సంచిలో ఒకటి, అంతే. ‘ఎందుకైనా మంచిది’ అని పెట్టుకునేవి తీసేస్తాడు. మందులు, వెచ్చటి బట్టలు, తండ్రి కుర్చీ జోలికి మాత్రం పోడు. బరువు పెంచుతూ పోవడమే పాతపద్ధతి అనుకుంటే పొరపాటే. ఇరవై అయిదు కిలోలు మోసి మోకాళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పెద్దాయన రక్తపోటు మాత్రలు, పాప తడి సాక్సులు మార్చే పొడి జత... ఇలా ప్రతిదీ ఎవరి కోసమో చెప్పగలిగితేనే అది సంచిలోకి వెళ్లాలన్నది ఆయన ఇప్పటి లెక్క. 

ఆ రాత్రి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకు పడిపోయింది. పాప ఒక్కసారి కూడా లేవలేదు. 

చూడకుండా వదిలేసిన జలపాతం

పొద్దున్నే టీ తాగి, గుడారం విప్పి, సెలయేటి వెంబడే దిగువకి నడిచాం. రెండున్నర కిలోమీటర్ల తర్వాత మూడు ఏళ్లు కలిసే త్రీ ఫోర్క్స్ వచ్చింది. అక్కడి నుంచి బాట మళ్లీ పైకెక్కుతుంది. ఇరుపక్కలా ఎప్పుడూ పచ్చగా ఉండే రోడోడెండ్రాన్ పొదలు గుహలా కమ్ముకుని ఉన్నాయి. మరో కిలోమీటరున్నరలో ఎడమపక్కకి చిన్న దారి చీలుతుంది. అటు రెండొందల మీటర్లు కూడా నడవక్కర్లేదు, లాంగ్ క్రీక్ జలపాతం కనిపిస్తుంది. రెండంచెలుగా దూకి, కింద నల్లటి బండల మధ్య మడుగు కట్టి, ఏమీ ఎరగనట్టు మెల్లగా సాగిపోతుంది.

ఇంజినీరుగారు తేలికసంచితో ఈ దారిన మూడుసార్లు వెళ్లాడట. ఒక్కసారీ ఈ జలపాతం చూడలేదు! రోజుకి ముప్ఫై కిలోమీటర్లు నడవాలన్న పట్టుదలతో ఆ రెండొందల మీటర్లు పక్కకి తిరగలేదు. ఇప్పుడు రోజుకి ఆరు కిలోమీటర్లే నడుస్తున్నాడు కాబట్టి ఆగడానికి బోలెడు సమయం. దూరాలు నడవాలనుకునేవాళ్లకి తేలికసంచే సరైనది, అందులో సందేహం లేదు. కానీ ఒకచోట దిగి, పొయ్యి వెలిగించి, నలుగురితో కూర్చోవాలనుకుంటే ఆ కూర్చునే ఏర్పాటు ఎవరో ఒకరు మోయాల్సిందే.

బండమీద కుర్చీ వేసి తండ్రిని కూర్చోబెట్టాడు. పాప మడుగులో ఎర్రటి మేపుల్ ఆకులు వదులుతూ ఏది ముందెళ్తుందోనని చూస్తోంది. గంటన్నర అక్కడే ఉన్నాం. తిరిగి త్రీ ఫోర్క్స్‌కి దిగేసరికి కోడలు కారుతో ఎదురుచూస్తోంది. ‘‘ఎలా ఉంది మావయ్యగారూ? కాళ్లు నొప్పులా?’’ అనడిగింది.

‘‘కాళ్లదేముందమ్మా’’ అన్నారాయన. ‘‘వాడి వీపు చూడు, కాస్త నూనె రాయి. పిల్లాడు పెద్దయ్యాక మనందరం కలిసొద్దాం. అప్పుడు ఇంకో సంచి కావాలి.’’

మీరూ వెళ్లాలంటే...

* ఉత్తర జార్జియా కొండలకి అక్టోబరు చివరి వారాలు, ఏప్రిల్-మే నెలలు అనువైనవి. మార్చి, ఏప్రిల్ మొదట్లో మెయిన్ దాకా నడిచేవాళ్లతో స్ప్రింగర్ పరిసరాలు రద్దీగా ఉంటాయి. చలి కూడా అప్పుడప్పుడూ తిరగబెడుతుంది.

* బరువు మోయలేనివాళ్లకి మరో దారి ఉంది. అమికలోలా జలపాతం పైనుంచి ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే అడవి మధ్యలో లెన్ ఫుట్ హైక్ ఇన్ అనే బస వస్తుంది. అక్కడికి నడిచే వెళ్లాలి. ఇరవై గదులున్నాయి. పడకా, రెండుపూటలా భోజనం వాళ్లే ఇస్తారు కాబట్టి బట్టలు, నీళ్లు ఉంటే చాలు. ముందుగా గది రిజర్వు చేసుకోవాలి.

* తిండి, టూత్‌పేస్టు, సబ్బు లాంటి వాసనొచ్చే వస్తువులేవీ గుడారంలో పెట్టుకోకూడదు. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి. సెలయేటి నీళ్లు ఫిల్టరు చేసుకుని లేదా మరిగించుకునే తాగాలి.

* పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లు ఇంటి దగ్గరే సంచి మొత్తం సర్దుకుని పార్కులో ఓ గంట నడిచి చూసుకోవాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది.

* దగ్గరున్న డలోనెగా 1829 నాటి బంగారు వేటకి ప్రసిద్ధి. ఎలిజే చుట్టుపక్కల ఆపిల్ తోటలుంటాయి. తిరుగుదారిలో ఓ పూట అక్కడ గడపొచ్చు. కొన్న ఆపిళ్ల బుట్టని మోయాల్సిన పనీ ఉండదు, అది కారే మోస్తుంది!